లైబ్రరీ సెస్సు లైబ్రరీకే చేరాలి

ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబమూ గ్రంథాలయానికి కూడా డబ్బు కడుతోంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్ను ప్రతి రూపాయికీ 8 పైసల సెస్సు ఉంది. 5,000 రూపాయల పన్ను పడే ఇంటికి అది 400. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఇదే పద్ధతి. కానీ చాలాచోట్ల ఆ సొమ్ము ఇతర ఖర్చులకు పోతోంది, గ్రంథాలయానికి బకాయి మిగులుతోంది. స్థానిక సంస్థల ఖజానాలు నిండుగా లేవన్నది నిజమే. అయినా ఈ డబ్బు వాటిది కాదు.

బకాయి పేరుకునే కొద్దీ పత్రికలు తగ్గిస్తారు, కొత్త పుస్తకాలు కొనరు. దీన్ని చిన్న నష్టంగా మేం చూడలేం. ప్రభుత్వాన్ని మెచ్చుకునే పత్రిక, అదే ప్రభుత్వాన్ని నిలదీసే పత్రిక ఒకే బల్ల మీద దొరికే చోటు ఊళ్లో ఇంకేది ఉంది? ఫోన్‌లో ఎవరికి నచ్చింది వారికే కనబడుతుంది. పైసా ఖర్చు లేకుండా రెండు వైపులా చదివి, పక్కనున్న మనిషితో వాదించి, తన ఓటు గురించి తానే ఆలోచించుకునే వీలు రీడింగ్ రూమ్‌లోనే ఉంది.

మన పెద్దలకు ఇది బాగా తెలుసు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901లోనే వెలిసింది. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద నిజాం సర్కారు అనుమతి తీసుకోవాల్సిన కాలంలో, తెలంగాణలో జనం కూడి మాట్లాడుకోవడానికి గ్రంథాలయాలే ఆసరా అయ్యాయి. 1930లో జోగిపేటలో నిజాం రాజ్యంలోని తెలుగువారి తొలి ఆంధ్ర మహాసభ జరగడానికి నేల సిద్ధం చేసినవాటిలో అవీ ఉన్నాయి. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదపులివర్రుల మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పించారు. ప్రభుత్వం పైసా ఇవ్వని రోజుల్లో చందాలతో నడిచిన ఉద్యమం అది. ఇప్పుడు చట్టం ఉంది, పన్నూ ఉంది.

అవసరం తీరిపోయిందనేవారు హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి చూడాలి. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలకు కుర్చీ దొరకడమే కష్టం. 2023 తెలంగాణ ఎన్నికల్లో ఉద్యోగ నోటిఫికేషన్లు అంత పెద్ద చర్చ కావడానికి ఆ గదుల్లో, కోచింగ్ సెంటర్లున్న అశోక్‌నగర్ వీధుల్లో తిరిగిన యువతే కారణం.

డబ్బు ఒక్కటే చాలదు. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ పదవి మన దగ్గర నామినేటెడ్ పోస్టు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ నాయకులకు దక్కుతుంది. ప్రభుత్వం మారితే కుర్చీ ఖాళీ. కేరళలో 1989 చట్టం కింద గ్రంథాలయాల ప్రతినిధులే ఎన్నికల ద్వారా లైబ్రరీ కౌన్సిల్‌ను నడుపుతారు. అక్కడి సెస్సు రూపాయికి 5 పైసలే, మనకంటే తక్కువ. తేడా పన్నులో లేదు, పెత్తనం ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది. ఏ పుస్తకం కొనాలి, ఏ పత్రిక వేయించాలి అన్నవి అధికార పార్టీ ఇష్టానికి వదిలే విషయాలు కావు. పాఠకులు, ఉపాధ్యాయులు, రచయితలు ఉన్న కమిటీలే వాటిని తేల్చాలి. అందుకు చట్టాన్ని సవరించాలి.

ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. వసూలైన సెస్సు స్థానిక సంస్థల సాధారణ నిధిలో కలవకుండా నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాకు పడాలి. పన్ను రసీదులో ఆ మొత్తం విడిగా కనబడాలి. పాత బకాయిలు ఎంత, ఏ నెలలో ఎంత జమైంది అన్న లెక్కను ప్రతి గ్రంథాలయం నోటీసు బోర్డులో పెట్టాలి. రెండు ప్రభుత్వాలూ ఈ ఆర్థిక సంవత్సరంలోనే ఆ ఉత్తర్వులు ఇవ్వాలి.