నిలబడి చూసే హక్కు

ఇంగ్లండ్‌లో మొదటి రెండు అంచెల ఫుట్‌బాల్ క్లబ్బుల మైదానాల్లో ప్రేక్షకులు కూర్చునే ఆట చూడాలన్న నిబంధన 1994లో అమల్లోకి వచ్చింది. అది మొదటిసారి సడలింది 2022 జనవరి 2న, స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో చెల్సీ, లివర్‌పూల్ తలపడిన రోజున. ప్రయోగంగా కొన్ని క్లబ్బులకే ఇచ్చిన ఆ వెసులుబాటును, తగిన ఏర్పాట్లు చేసుకున్న ఇతర క్లబ్బులకూ ప్రభుత్వం అదే ఏడాది జులైలో వర్తింపజేసింది. సరైన నిర్ణయమే. ఎప్పుడో తీసుకోవలసింది.

నిషేధానికి మూలం హిల్స్‌బరో విషాదం. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని ఆ మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. బయట ప్రవేశ ద్వారాల దగ్గర జనం కిక్కిరిసిపోతే, ఒత్తిడి తగ్గించడానికి పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. అప్పటికే నిండిపోయిన మధ్య గ్యాలరీలోకి తీసుకెళ్లే సొరంగ మార్గాన్ని మాత్రం మూయించలేదు. పక్క గ్యాలరీల్లో చోటున్న సంగతి చెప్పి అటు మళ్లించినవారూ లేరు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి వచ్చిపడుతున్న జనం. ఏళ్ల తరబడి మంచాన ఉండి కన్నుమూసినవారితో కలిపి ఆ నలుగుడు 97 ప్రాణాలను తీసింది.

విచారణ జరిపిన జస్టిస్ టేలర్, పోలీసు నియంత్రణ విఫలం కావడమే ప్రధాన కారణమని తేల్చారు. నిలబడి చూడటంలో సహజంగా ప్రమాదమేమీ లేదని కూడా అన్నారు. అయినా 1990 జనవరి నాటి తుది నివేదికలో సీట్లు తప్పనిసరి చేయాలని సిఫార్సు చేశారు. ప్రభుత్వం దాన్ని పెద్ద క్లబ్బులకే పరిమితం చేసింది. మూడో అంచె నుంచి కిందికి నిలబడే గ్యాలరీలు కొనసాగుతూనే వచ్చాయి. నిలబడటమే ప్రాణాంతకమైతే చిన్న క్లబ్బుల అభిమానుల ప్రాణాల మాటేమిటని అడిగితే ఏ ప్రభుత్వం దగ్గరా జవాబు లేదు.

ఈలోగా నింద ప్రేక్షకుల మీద పడింది. తాగి వచ్చి తోసుకున్నారన్నారు. ది సన్ పత్రిక ఆ అబద్ధాలను ‘నిజం’ అని శీర్షిక పెట్టి మొదటి పేజీలో అచ్చువేసింది. పత్రికా వృత్తిలో ఉన్న మాకు ఈ వాక్యం రాయడం సంతోషం కాదు. పోలీసుల వాంగ్మూలాల్లో 164 వాంగ్మూలాలను ఆ తర్వాత దిద్దారని 2012లో స్వతంత్ర సంఘం బయటపెట్టింది. మృతులు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని, తప్పు అభిమానులది కాదని జ్యూరీ ప్రకటించేసరికి 2016 వచ్చింది.

గేటు దగ్గర ఒక్క తప్పుడు నిర్ణయం ఎంత పని చేస్తుందో తెలుగువారికి వేరే చెప్పాలా? 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది పోయారు. రెండు చోట్లా ఎవరూ సీట్ల లోటుతో చనిపోలేదు.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో వచ్చినవి పాత గ్యాలరీలు కావు. ప్రతి వరుసలోనూ నడుము ఎత్తున గట్టి కడ్డీ, దానికి మడిచి తాళం వేయగల సీటు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటు కాబట్టి జనం సంఖ్య పెరగదు. గోలు పడితే వెనకవాళ్లు ముందు వరుస మీద పడరు. సీట్లు పెట్టినా అభిమానులు ఏనాడూ బుద్ధిగా కూర్చోలేదన్నది అందరికీ తెలిసిన రహస్యమే. మోకాలి ఎత్తు సీటు ముందు నిలబడి ఎగిరి గంతేయడం కంటే కడ్డీ పట్టుకుని నిలబడటమే క్షేమం. ఆ చట్టం వర్తించని స్కాట్లాండ్‌లో సెల్టిక్ క్లబ్బు 2016లోనే ఈ ఏర్పాటు చేసి చూపించింది. అయినా 2018లో ఇంగ్లిష్ క్లబ్బు వెస్ట్ బ్రామ్‌విచ్ అడిగితే బ్రిటిష్ ప్రభుత్వం కాదంది.

హిల్స్‌బరోలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులలో కొందరు ఈ మార్పును చివరిదాకా వ్యతిరేకించారు. వారి భయాన్ని తేలిగ్గా తీసుకునే అర్హత ఎవరికీ లేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటన్న నియమాన్ని ఏ కారణంతోనూ సడలించకూడదని మేము అంటున్నది అందుకే.

మిగిలింది ధర. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో సీటు 6 పౌండ్లకు, నిలబడే చోటు 4 పౌండ్లకు దొరుకుతున్నాయని, సీట్ల పేరుతో ధరలు పెంచనక్కర్లేదని టేలర్ ఆనాడే రాశారు. ఆ మాట ఎవరూ వినలేదు. మన సినిమా హాళ్లలో నేల టికెట్టు పోయినట్టే అక్కడి కార్మిక పేటల కుర్రాళ్లకు మైదానం అందకుండా పోయింది. జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్బు మైదానపు దక్షిణ గ్యాలరీలో సుమారు 25 వేల మంది నిలబడి చూస్తారు, సీటు కంటే చాలా తక్కువ ధరకు. అక్కడ సీటు స్థలంలో ఎక్కువమంది పడతారు కాబట్టి గిట్టుబాటవుతుందని, తమకు అలా కుదరదని ఇంగ్లిష్ క్లబ్బులు అంటాయి. టీవీ హక్కుల మీద వందల కోట్ల పౌండ్లు పంచుకునే ప్రీమియర్ లీగ్ నుంచి ఈ మాట వినడం విడ్డూరం. నిలబడే చోట్లకు ఇచ్చే అనుమతిలోనే టికెట్టు ధరకు గరిష్ఠ పరిమితిని బ్రిటిష్ ప్రభుత్వం షరతుగా పెట్టాలి.