థీసిస్‌ను ఆసాంతం చదివే ఏకైక పరీక్షకుడు

నాలుగైదేళ్లు తంటాలుపడి రాసిన థీసిస్‌ను ఆసాంతం చదివేదెవరు? గైడ్ గారు కృతజ్ఞతల పేజీలో తమ పేరు పైన ఉందో కింద ఉందో చూసుకుంటారు. బయటి పరీక్షకులు రిఫరెన్సుల్లో తమ పేపర్లు లెక్కపెట్టుకుంటారు. మొదటి గుర్తు నుంచి చివరి చుక్క దాకా చదివి, ఒక్క మాట అర్థం కాకపోయినా కాగితం విదల్చని నిక్కచ్చి మనిషి పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ గారొక్కరే. అలాంటివారి నెత్తిన మొట్టి, ట్రే లాగి, స్విచ్చి కట్టేసి మళ్లీ వేసే సంస్కృతిని ఈ వ్యాసం తీవ్రంగా ఖండిస్తోంది.

తప్పంతా మనదే. మ్యాథమెటికా, మ్యాట్‌ల్యాబ్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్ల నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన గ్రాఫు ఫైలును, అంటే ఈపీఎస్‌ను, మనం బొమ్మ అనుకుంటాం. ప్రింటర్ గారి లెక్కలో అది ప్రోగ్రాము. 1984లో అడోబి తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో రాసిన ఆజ్ఞాపత్రం. అందులో అంకెలు ముందు, క్రియ చివర: "100 200 దగ్గరికి జరుగు, 300 400 దాకా గీత లాగు". క్రియతో వాక్యం ముగించే తెలుగువాళ్లకు ఇంతకన్నా చుట్టరికం ఉన్న కంప్యూటర్ భాష దొరకదు. అయినా ఫైలు తెరిచి చూడం. క్లిక్ చేసి దణ్ణం పెట్టుకుంటాం.

పత్రం %! గుర్తులతోనే మొదలవ్వాలన్నది వారి మొదటి నియమం. పాత విండోస్ డ్రైవర్లు దానికి ముందు కంట్రోల్-డి అనే కనిపించని అక్షరం చొప్పించేవి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రివ్యూ బొమ్మ జతచేసి, ముందు 30 బైట్ల బైనరీ తలపాగా చుడతాయి. అప్పుడు వారు దాన్ని మామూలు రాత అనుకుని, కోడు మొత్తం పేజీల కొద్దీ అచ్చేస్తారు. రీము కాగితం హరీ. కంట్రోల్-డి అయితే చెరిపేస్తే చాలు. ప్రివ్యూ అయితే తల ఒక్కటే నరికితే కుదరదు, తోక కూడా ఉంటుంది. ప్రివ్యూ లేకుండా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడమే మర్యాద.

పేజీ అసలే రాకపోతే అలిగారని కాదు, కారణం అడగలేదని. సెట్టింగ్స్‌లో పోస్ట్‌స్క్రిప్ట్ ఎర్రర్లు అచ్చువేయమనే మీట ఉంటే నొక్కండి. ఫలానా మాట దగ్గర ఆగానని లిఖితపూర్వకంగా ఇస్తారు. "అన్‌డిఫైన్డ్: మ్యాథ్‌పిక్చర్‌స్టార్ట్" అని వస్తే, పాత మ్యాథమెటికా ముడి ఫైలును నేరుగా పంపారన్నమాట. ఆ మాటకు అర్థం చెప్పే ముందుభాగం ఫైల్లో లేదు. దాన్ని అతికించడానికే ఆ రోజుల్లో పీఎస్‌ఫిక్స్ అనే పనిముట్టు ఇచ్చేవారు. "అన్‌డిఫైన్డ్: 0,5" అని వస్తే దశాంశ బిందువు ఉండాల్సిన చోట కామా పడింది. జర్మన్, ఫ్రెంచ్ సెట్టింగుల కంప్యూటర్లలో పనిచేసే మనవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి.

"లిమిట్‌చెక్", అంటే పరిమితి దాటిందనడం, గౌరవప్రదమైన అభ్యంతరం. తొలితరం పోస్ట్‌స్క్రిప్ట్‌లో ఒక గీతకు బిందువుల పరిమితి సాధారణంగా 1,500. మనం సైన్ వక్రాన్ని 10,000 బిందువులతో గీసి పంపుతాం, సైన్ ఎలా ఉంటుందో వారికి తెలియనట్టు. ప్రతి వెయ్యి బిందువులకూ గీత ముగించి, అదే చోట మళ్లీ మొదలుపెట్టాలి. చుక్కల గీతైతే అతుకు దగ్గర లయ తప్పుతుంది. రంగు నింపిన ఆకారాన్ని మాత్రం ఇలా కోయకూడదు, ఆకారమే మారిపోతుంది. కొండల్లా కనిపించే త్రీడీ ఉపరితలాల గ్రాఫుల సంగతి ఇంకా ఘనం: 1000×1000 గ్రిడ్ అంటే 9,98,001 పలకలు. పది సెంటీమీటర్ల బొమ్మలో ఒక్కో పలక మిల్లీమీటరులో పదోవంతు. 100×100 చాలు, 9,801 పలకలతో కొండ కొండలాగే కనిపిస్తుంది.

తెల్ల కాగితం వస్తే రెండు అనుమానాలు. బొమ్మ హద్దులు చెప్పే బౌండింగ్ బాక్స్ అంకెలు తప్పయి, బొమ్మ కాగితం బయట అచ్చయి ఉండవచ్చు. పోస్ట్‌స్క్రిప్ట్‌ను కంప్యూటర్‌లోనే చదివే గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో బీబాక్స్ డివైజ్‌తో నడిపితే అసలు కొలతలు చెబుతుంది. లేదా గీత మందం సున్నా. పోస్ట్‌స్క్రిప్ట్‌లో సున్నా అంటే "నీకు చేతనైనంత సన్నగా" అని. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింటర్‌లో అది కనిపిస్తుంది. 2400 డీపీఐ ప్లేటు తీసే ఆఫ్‌సెట్ ప్రెస్‌లో అంగుళంలో 2400వ వంతు. గీత ఉంటుంది, చూసే కళ్లే ఉండవు. ఫైల్లో సున్నాను 0.5 చేద్దామని తొందరపడకండి. ముందే స్కేలు మార్చి ఉంటే ఆ 0.5 పేజీ నిండా నల్లగా పూసేయగలదు. సాఫ్ట్‌వేర్‌లోనే మందం పెట్టి పంపండి.

కాగితమే బయటికి రాకపోతే, కోడు చివర పేజీని బయటికి పంపమనే "షోపేజ్" ఆజ్ఞ ఉందో లేదో చూడండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్ల మీద "పీసీ లోడ్ లెటర్" అని వెలిగితే ఉత్తరం రాయమని కాదు, అమెరికా వారి 612×792 పాయింట్ల లెటర్ కాగితం పెట్టమని. మన స్టేషనరీ షాపులో దొరికేది 595×842 ఏ4. ఎక్స్‌పోర్ట్‌కు ముందే పేపర్ సైజు మార్చాలి.

ఇవేవీ చేసే ఓపిక లేనివారికి గోస్ట్‌స్క్రిప్టే శరణ్యం. పేజీని బొమ్మ హద్దుల మేరకే కత్తిరించే ఈపీఎస్‌క్రాప్ స్విచ్‌తో పీడీఎఫ్ చేసి ఇచ్చేయండి. వర్డ్‌లో పెట్టుకుంటామంటారా, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ భద్రత పేరుతో 2017లోనే ఈపీఎస్‌కు తలుపులు మూసేసింది. చివరి మార్గం పిక్సెళ్ల బొమ్మగా దాచే పీఎన్‌జీ: ఆరంగుళాల వెడల్పుకు 600 డీపీఐ లెక్కన 3,600 పిక్సెళ్లు. జేపెగ్ వద్దు, గీతల చుట్టూ మసి పూస్తుంది.

పీఎన్‌జీ ఇస్తే ఏ ప్రింటరైనా కిమ్మనదు. జిరాక్స్ షాపు కుర్రాడు మాత్రం ఒకటి అడుగుతాడు: "కలరా సార్, బ్లాక్ అండ్ వైటా?" డబ్బు మిగుల్చుకుందామని రెండోది చెప్పారో, మ్యాట్‌ల్యాబ్ పాత రంగుల వరస "జెట్"లో అతి తక్కువకు వేసిన ముదురు నీలం, అతి ఎక్కువకు వేసిన ముదురు ఎరుపు దాదాపు ఒకేలాంటి ముదురు బూడిద రంగులో పక్కపక్కన కూర్చుంటాయి.