అలకి కూడా లోకల్, నాన్ లోకలా?

మళ్లీ అదే గొడవ. మంచి స్వెల్ (దూరపు సముద్రంలో పుట్టి వరసగా వచ్చే పెద్ద అలలు) పడింది, తెల్లారగట్ల గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తోంది, అల గీత గీసినట్టు విరుగుతోంది, ఎక్కడి నుంచో నలుగురు కారు మీద సర్ఫింగ్ బోర్డులు, అంటే అల మీద నిలబడి జారే పలకలు, కట్టుకుని వచ్చారు, రెండు గంటలు ఆడుకుని తిరిగొచ్చి చూసుకుంటే ముందు అద్దం నిండా కాలు జారకుండా బోర్డులకి రాసే వ్యాక్స్ పూసి ఉంది, టైర్లలో గాలి లేదు. పక్కన గోడ మీద పెయింటుతో ‘లోకల్స్ ఓన్లీ’. ఫలానా ఊరు అని పేరు పెట్టి చెప్పక్కర్లేదు, సర్ఫింగ్ ఉన్న బీచ్ టౌన్‌లో ఎవర్ని కదిపినా ఇలాంటి కథ ఒకటి చెప్తారు. చెప్తూ నవ్వుతారు కూడా, ‘మా కుర్రాళ్లు అంతేనండీ’ అని. మాకు ఒళ్లు మండేది వ్యాక్స్ చూసి కాదు, ఆ నవ్వు చూసి.

ఎందుకంటే ఇదే జనం, సరిగ్గా ఇదే జనం, ఒడ్డుకి పోయే దారిలో ఎవడైనా డబ్బున్నోడు గేటు పెడితే రోడ్డెక్కుతారు. ఎక్కాలి కూడా, అందులో మేము వాళ్ల పక్షమే. కాలిఫోర్నియాలో హాఫ్ మూన్ బే దగ్గర మార్టిన్స్ బీచ్ సంగతి గుర్తుందిగా, సిలికాన్ వ్యాలీ కోటీశ్వరుడు వినోద్ ఖోస్లా 2008లో ఆ స్థలం కొన్నాక కిందికి పోయే ఏకైక రోడ్డుకి గేటు పడింది, తాళం పడింది, 2012లో గేటు దాటి వెళ్లి సర్ఫింగ్ చేసిన అయిదుగురిని అరెస్టు చేశారు, ఆ కేసు నిలవలేదు అది వేరే విషయం. దారి ఇవ్వాలంటే రాష్ట్ర ప్రభుత్వం 3 కోట్ల డాలర్లు కట్టాలని కూడా ఆయన తరఫు నుంచి లెక్క వచ్చింది. కోర్టులు ఒప్పుకోలేదు. ఉన్న దారిని మూసెయ్యాలంటే తీరప్రాంత చట్టం కింద పర్మిషన్ తీసుకోవాల్సిందే, నా స్థలం నా ఇష్టం అంటే కుదరదు అన్నాయి, 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన అప్పీలు వినడానికే నిరాకరించింది. సముద్రమూ దాని ఒడ్డూ అందరివీ అన్న మాట నిన్నా మొన్నటిది కాదు, ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి రాయించిన రోమన్ చట్టంలోనే ఉంది. ఆ తీర్పుకి సర్ఫర్లంతా చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

మరి అదే రాష్ట్రంలో ఇంకాస్త దక్షిణంగా లునాడా బే ఉంది కదా, అక్కడ జరిగినదానికి ఎంతమంది నోరు విప్పారు? అక్కడ గేటూ లేదు, తాళమూ లేదు. కొండ కింద రాళ్లతో కట్టుకున్న ఓ అడ్డా, పైనుంచి కారు దిగేవాళ్లని చూసే నాలుగు జతల కళ్లు, అంతే. కొత్త మొహం కనపడితే తిట్లు, రాళ్లు, టైర్లు కొయ్యడం. ఇదంతా ఏళ్ల తరబడి నడిచిందని బాధితులు 2016లో కోర్టుకెక్కితే గానీ ఊరు కదల్లేదు, ఆ ఏడాదే ఆ రాళ్ల అడ్డా కూల్చారు. అక్కడివాళ్లేమీ పొట్ట గడవక ఇలా చేసినవాళ్లు కాదు, ఖరీదైన ఇళ్ల పేట అది. గురివింద గింజ సామెత ఎందుకు పుట్టిందో ఇలాంటివి చూస్తే తెలుస్తుంది. ఒడ్డున గేటు పెట్టినవాడు దొంగ, నీళ్లలో గేటు పెట్టినవాడు మాత్రం ‘మా సీనియర్’!

అవతలివాళ్ల వాదన కూడా ఉంది, కాదనం. జనం పెరిగిపోయారు, ఈత సరిగ్గా రానివాడు కూడా మెత్తటి బోర్డు అద్దెకి తీసుకుని పెద్ద అల మధ్యలోకి వచ్చేస్తున్నాడు, అల మీద ఎవరి వంతో తెలియదు, బోర్డు వదిలేస్తే వెనక ఉన్నవాడి తల పగులుతుంది, ఇవన్నీ నిజాలే.

కానీ దానికి రూల్ ముందు నుంచీ ఉంది. అల విరగడం మొదలయ్యే చోటుకి ఎవడు దగ్గరగా ఉంటే వాడిది ఆ అల, వాడు లేచాక ఇంకొకడు అడ్డంగా దూరకూడదు. ఇంతే. ఈ రూల్‌లో ఆధార్ కార్డు అడగలేదే! పుట్టింది ఏ ఊళ్లో అని లేదే! రూల్ తెలియనివాడికి చెప్పు, రెండోసారి తప్పు చేస్తే గట్టిగా చెప్పు, ఒడ్డుకి పొమ్మను. అలా కాకుండా రూల్ పక్కాగా పాటించే బయటివాణ్ని కూడా తరిమేసి, రూల్ పాటించని మనోడికి అల వదిలేస్తే దాన్ని క్రమశిక్షణ అనరు, రౌడీయిజం అంటారు. జనరల్ బోగీలో చూడండి, ఎక్కేదాకా ‘కాస్త జరగండి బాబూ’ అంటాడు, ఎక్కి కూర్చున్నాక తర్వాతి స్టేషన్లో తలుపు దగ్గర వాడే నిలబడి ‘ఎక్కడుంది ఖాళీ’ అని అరుస్తాడు.

అల పంచుకోవడం వరకే అయితే మేము ఇంత జాగా ఖర్చు పెట్టేవాళ్లం కాదు. ప్రాణాల మీదకి వచ్చే సంగతి ఒకటుంది. ఏ బీచ్ అయినా నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. ఓ తుఫాను పోతే అడుగున ఇసుక తిన్నెలు జరిగిపోతాయి, పోటు మీద మెత్తగా ఉండే చోటు ఆటు మీద మింగేస్తుంది. విరిగిన అలల నీళ్లన్నీ ఒడ్డుకి చేరాక మళ్లీ వెనక్కి పోవాలి కదా, రెండు తిన్నెల మధ్య గాడి దొరికితే అందులో పడి పరిగెడతాయి, అదే రిప్ కరెంట్. జోరెక్కితే సెకనుకి 2.4 మీటర్ల దాకా పోతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. ఇందులో మోసం ఏంటంటే పైకి ఆ చోటే ప్రశాంతంగా కనిపిస్తుంది. చుట్టూ తెల్లటి నురగ, మధ్యలో ఓ పట్టీ మాత్రం నల్లగా, సాఫీగా, అలలు విరక్కుండా. పిల్లలతో వచ్చిన కుటుంబం ఎక్కడ దిగుతుంది? అక్కడే. ‘ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దింపుదాం’ అనుకుంటారు పాపం.

అదే గాడి సర్ఫర్‌కి లిఫ్ట్ లాంటిది. నురగతో కుస్తీ పట్టే పనిలేకుండా బోర్డు మీద పడుకుంటే చాలు, లోపలికి అదే తీసుకుపోతుంది. కాబట్టి ఇవాళ రిప్ ఎక్కడుందో ఆ ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది లోకల్ సర్ఫర్‌కే. మెట్ల దగ్గర నిలబడి ‘ఇవాళ ఆ పసుపు ఇంటికి ఎదురుగా గాడి పడింది, అటు దిగకండి’ అని చెప్పడానికి పది సెకన్లు పట్టదు. ఒకవేళ అందులో పడితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా తేలుతూ ఉండు, చెయ్యెత్తి పిలువు, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడు అని చెప్పడానికి ఇంకో పది సెకన్లు. చెప్పరు. చెప్తే స్పాట్, అంటే అలలు బాగా విరిగే చోటు, ‘బయటపడిపోతుంది’ అంట. 1985లోనే కాలిఫోర్నియాలో ఫోన్ చేస్తే అలల రిపోర్టు చెప్పే సర్వీసు మొదలైంది, ఇప్పుడు స్వెల్ ఎన్ని సెకన్లదో (అంటే అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో), గాలి ఎటో, పోటు ఎప్పుడో అన్నీ జేబులో ఫోన్‌లో ఉన్నాయి. అంటే స్పాట్ ఎప్పుడో బయటపడింది, వచ్చేవాళ్లు ఎలాగూ వస్తున్నారు. ఫోన్ చెప్పలేనిది ఆ పసుపు ఇంటి ముందు గాడి ఒక్కటే, సరిగ్గా దాన్నే దాస్తున్నారు. అల ఉందన్న కబురు దాగలేదు, దాగింది ప్రమాదం ఉందన్న కబురు. దీన్ని ఏ నోటితో సమర్థిస్తారు?

(ఇక్కడ ఒక మాట. లైఫ్‌గార్డు లేని చోట మునిగిపోతున్నవాడి దగ్గరికి ముందు చేరేది కూడా సర్ఫరే, మేమేమీ మర్చిపోలేదు. పొద్దున ‘ఎక్కడి నుంచి వచ్చావ్’ అని గుర్రుగా చూసినవాడే మధ్యాహ్నం బోర్డు మీదికి లాక్కుని ఒడ్డుకి చేరుస్తాడు. అంత మంచితనం ఉన్నవాళ్లే కాబట్టి ఇంత కోపం.)

అసలు ఈ ‘మా అల’ అనే మాటలో ‘మా’ ఎక్కడిది? 14 సెకన్ల స్వెల్ తీసుకోండి. నడి సముద్రంలో దాని శక్తి గంటకి దాదాపు 39 కిలోమీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది, రోజుకి 900 కిలోమీటర్ల పైనే. ఇవాళ మీ గుమ్మం ముందు విరిగిన అల, 3,000 కిలోమీటర్ల అవతల ఏ ఊరూ లేని చోట గాలివాన రేగి మూడు రోజుల కింద పుట్టింది. ఆ మైదానంలో అందరికంటే పెద్ద నాన్ లోకల్ ఎవరయ్యా అంటే ఆ అలే. దాన్ని మాత్రం రమ్మంటారు.

పోనీ ఆట అయినా వాళ్లదా అంటే అదీ కాదు. కాలిఫోర్నియాకి సర్ఫింగ్ చూపించింది హవాయి నుంచి చదువుకోడానికి వచ్చిన ముగ్గురు రాకుమారులు, 1885లో, శాంటా క్రూజ్ దగ్గర. 1907లో రెడోండో బీచ్‌లో జనానికి అల మీద నిలబడి చూపించిన జార్జ్ ఫ్రీత్ కూడా హవాయి నుంచి వచ్చినవాడే, ఆ రెడోండో ఈ లునాడా బేకి కూతవేటు దూరం. ఆస్ట్రేలియాలో 1914 చివర్లో ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు అక్కడ దొరికిన చెక్కతోనే బోర్డు చెక్కుకుని అలెక్కి చూపిస్తే ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి నోరెళ్లబెట్టింది. ఆ రోజు ఆయన టైర్లు ఎవరూ కొయ్యలేదు. బయటివాడి దగ్గర నేర్చుకున్న ఆటని ఇంకో బయటివాడికి లేదు పొమ్మనడం, ఇంతకంటే కపటం ఉంటుందా?

హవాయివాళ్లు, ఫిజీవాళ్లు అడిగితే మాత్రం మేము కాస్త తగ్గి వింటాం. 1893లో రాజ్యమే పోగొట్టుకున్న హవాయి జనం కనీసం మా నీళ్లనైనా గౌరవించండి అంటే ఆ మాటకి బరువుంది. ఫిజీలో 2010 దాకా క్లౌడ్‌బ్రేక్ లాంటి పేరున్న అలలు రిసార్టులో దిగినవాళ్లకే అన్నట్టు నడిచాయి, ఆ ఏడాది ప్రభుత్వం అందరికీ తెరిచింది, మంచిదే, కానీ ఆ రీఫ్ (అల విరిగే పగడపు దిబ్బ) తరతరాలుగా మా వేట చోటు అనే పల్లెలకి దక్కాల్సింది ఏంటన్న పేచీ కూడా దాంతోనే మొదలైంది. అది చరిత్రతో వచ్చిన చిక్కు, కూర్చుని తేల్చుకోవాల్సిందే. ఇరవై ఏళ్ల కింద వచ్చి ఇల్లు కొనుక్కుని ‘మేం ఆదివాసులం’ అన్నట్టు మాట్లాడేవాళ్లకి ఆ బరువు అరువివ్వడం కుదరదు.

ఇక ఆపద వచ్చినప్పుడు చూడాలి వీళ్ల భాష ఎలా మారుతుందో. కాలిఫోర్నియాలో ట్రెసిల్స్ అనే సర్ఫింగ్ బీచ్ దగ్గర పార్కు మధ్యలోంచి టోల్ రోడ్డు వేస్తామన్నప్పుడు 2008లో అక్కడి తీరప్రాంత అనుమతులు చూసే కోస్టల్ కమిషన్ విచారణకి వేల మంది వచ్చి కూర్చున్నారు, రోడ్డు ఆగింది. వచ్చినవాళ్లంతా ఆ అలకి లోకల్సా? ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ అనే సముద్ర భాగంలో చమురు బావి తవ్వుతామంటే 2019లో ఎక్కడెక్కడి బీచ్‌ల్లోనో వేల మంది బోర్డులేసుకుని నీళ్లలోకి దిగారు, తర్వాతి ఏడాది ఆ బావి తవ్వాలనుకున్న ఈక్వినార్ అనే నార్వే చమురు కంపెనీ తప్పుకుంది. స్పెయిన్‌లో ముండాకా అయితే నదీ ముఖంలో ఇసుక తవ్వేసరికి తిన్నె చెదిరి ఆ పేరున్న అలే మాయమైంది, 2005లో అక్కడ జరగాల్సిన ప్రపంచ స్థాయి పోటీ రద్దయింది, అప్పుడు దేశదేశాల వాళ్లు అయ్యో అన్నారు. అప్పుడు మాత్రం ‘ఇది ప్రపంచ సంపద’, స్వెల్ పడిన శనివారం మాత్రం ‘ఇది మా పేట’. రెండు నాలుకలు!

పైగా ఊరు బతికేదే వచ్చేవాళ్ల మీద. గదులు అద్దెకి కావాలి, బోర్డులు అద్దెకి పోవాలి, హోటళ్లు నిండాలి, పార్కింగ్ ఫీజు రావాలి, మనిషి మాత్రం నీళ్లలోకి దిగకూడదు! డబ్బులకి లేని లోకల్, నాన్ లోకల్ తేడా అల దగ్గరే ఎందుకొచ్చింది? కౌన్సిల్‌లో కూర్చున్నవాళ్లని అడిగితే అది కుర్రాళ్ల గొడవ అంటారు, పోలీసుల్ని అడిగితే రాతపూర్వకంగా కంప్లయింట్ ఏదీ అంటారు, ఆ కంప్లయింట్ ఇచ్చినవాడి కారు మళ్లీ అక్కడే ఆగాలి కదా, ఎవడిస్తాడు? టైరు కొయ్యడం ఊళ్లో చేస్తే నేరం, బీచ్ పార్కింగ్‌లో చేస్తే సంప్రదాయమా?

రేపు ఏదో ఒక హోటలో, ఏదో ఒక కోటీశ్వరుడో దిగువకి పోయే దారి కొనుక్కుని గేటు పెడతాడు, పెట్టకుండా ఉండడు. అప్పుడు ఈ ఊరు ఏ మొహంతో అడుగుతుంది? వాడి లాయరు లేచి గోడ మీద రాత ఫొటో తీసి చూపిస్తాడు, ‘నేను చేసింది అదే, కాకపోతే తాళం కప్పతో చేశాను’ అంటాడు. ఏం జవాబు చెప్తారు? మా దగ్గరికైతే మెమొరాండం పట్టుకుని వస్తారు, మీరు రాయాలి సార్, ప్రజల హక్కు సార్ అని. రాస్తాం. దానికి ముందు ఆ గోడ మీద పెయింటు మీరే తుడవండి, ఆ అద్దం మీద వ్యాక్స్ ఎవడు పూశాడో మీకు తెలుసు కాబట్టి వాడి చేతే గీకించండి, పసుపు ఇంటి ఎదురుగా గాడి ఉందని మెట్ల దగ్గర ఓ బోర్డు రాసి పెట్టండి. ఈ మూడూ చేసిన రోజు ఫోన్ చెయ్యండి, గేటు దగ్గర ధర్నాకి మేమూ వచ్చి కూర్చుంటాం.