జెండా కర్ర మీద ఫోను నంబరు

మొన్న ఆదివారం సాయంత్రం మా బెజవాడలో ఒక ఏసీ హాలులో కూర్చుని పెట్టుబడిదారీ వ్యవస్థను ఖండించాం. ఖండన ఖర్చు ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ వారు భరించారు. పాప్‌కార్న్ ఖర్చు మాత్రం ఎవరిది వారిదే.

వేసింది మైకేల్ మూర్ 2009లో తీసిన ‘క్యాపిటలిజం: ఎ లవ్ స్టోరీ’. వాయిదాలు కట్టలేనివాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టడం, ఉద్యోగి చస్తే తమకే సొమ్ము దక్కేలా కంపెనీలు బీమా చేయించుకోవడం, 2008లో బ్యాంకులను ఆదుకోవడానికి అమెరికా ప్రభుత్వం తీసిపెట్టిన 70,000 కోట్ల డాలర్లు, అన్నీ చూశాం. చివర్లో ఆయన వాల్‌స్ట్రీట్ చుట్టూ పోలీసులు నేరస్థలానికి కట్టే పసుపు పట్టీ చుడుతుంటే హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టినవారు వెంచర్ వారే.

అయితే అసలు ప్రదర్శన అంతకుముందే అయిపోయింది. గుమ్మం దగ్గర తలకో పాలిస్టరు జెండా ఇచ్చారు. జెండా మీద అక్షరాలు వేయడం నిబంధనలకు విరుద్ధం. చట్టమంటే గౌరవం ఉన్న మనుషులు కనుక వెంచర్ వారు ఫోను నంబరును కర్ర మీద వేయించారు. పది అంకెలు, కింది నుంచి పైకి. జాతీయగీతం మొదలైంది, లేచాం. ఒక చేతిలో జెండా, మరో చేతిలో పాప్‌కార్న్ డబ్బా. చేతులు దించితే జెండా నేలకు తగులుతుంది, దించకపోతే నిటారుగా నిలబడినట్టు కాదు. నా ముందు వరుసలో ఒకాయన డబ్బాను గడ్డం కింద నొక్కిపెట్టి 52 సెకన్లూ ఊపిరి బిగబట్టారు. మూడో ‘జయహే’ దగ్గర ఒక పేలగింజ జారి పడింది. కళ్లతో దాన్ని నేల దాకా సాగనంపారే తప్ప మనిషి కదలలేదు. త్యాగమంటే అదీ.

పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఈ ఊళ్లోనే, 1921 కాంగ్రెస్ సభల్లో. చేత్తో వడికి చేత్తో నేసిన బట్టే జెండా కావాలన్న నియమాన్ని సవరించి పాలిస్టరుకు తలుపు తీసింది 2021 డిసెంబరులో. నూరేళ్ల పండగ బాగానే చేశాం. ఆయన 1963లో పేదరికంలోనే పోయారు. తపాలా బిళ్ల 2009లో వేశారు. బిళ్ల తినడానికి పనికిరాదు గానీ, గౌరవం గౌరవమే.

సినిమా అయ్యాక ఒక పెద్దాయన మైకు అందుకున్నారు. ఇలాంటి సభల్లో మైకు అందుకునే పెద్దాయన ఎలా ఉంటారో మీకు తెలుసు, వర్ణించను. “ఇది వాళ్ల జబ్బండీ. మన రక్తంలో లేదు. మనది ధర్మభూమి, ఇక్కడ డబ్బు కన్నా మనిషి మిన్న” అన్నారు, ఎడమ చేత్తో జెండా ఊపుతూ. అంతకు నిమిషం ముందే డాలస్‌లో ఉన్న అబ్బాయి జీతం ఎంతో చెప్పారు. ఎవరూ అడగలేదు.

మూర్ పాపం తన దేశ రాజ్యాంగం అసలు ప్రతి దాకా వెళ్లి, పెట్టుబడిదారీ అన్న మాట అందులో ఎక్కడుందో అని వెతుకుతాడు. మనకు ఆ శ్రమ లేదు. 1976 నుంచి మన పీఠికలో ‘సామ్యవాద’ అనే ఉంది, శుభలేఖ పైన ‘శ్రీరస్తు’లాగా. ఎవరూ చదవరు, తీసేస్తామంటే మాత్రం గొడవ.

మన రక్తంలో లేదట! 2015 డిసెంబరులో కాల్‌మనీ అన్న మాటను రాష్ట్రమంతటికీ నేర్పిన ఊరు ఏది? అప్పు తీర్చలేని ఇళ్లలోని ఆడవాళ్లను వడ్డీ వ్యాపారులు లొంగదీసుకున్న సంగతి బయటపడింది ఏ వాల్‌స్ట్రీట్‌లో? వాళ్లు ఇంగ్లీషులో బెదిరించారా? ఆస్పత్రికో పిల్లల ఫీజుకో నూటికి పది వడ్డీకి తెచ్చుకుని, మానం పోగొట్టుకుని, నోరెత్తలేక బతికిన ఆడవాళ్లు ఈ ధర్మభూమిలోవారు కారా? ఆ ఊళ్లో నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ?

నేను అడగలేదు. మైకు అప్పటికే వెంచర్ వారి చేతికి వెళ్లింది.

జనం లేచాక హాలు ఊడ్చే ఆవిడ కుర్చీల కింద ఒక చేత్తో డబ్బాలు, ఒక చేత్తో జెండాలు ఏరుతోంది. సంచీ ఒకటే ఉంది.

“వీటిని చెత్తలో వేయకూడదంటారు కదా సార్, ఏం చేయమంటారు?” అని నిర్వాహకుణ్ణి అడిగింది.

“కర్రలు ఊడదీసి పక్కన పెట్టమ్మా, వచ్చే ఆదివారానికి పనికొస్తాయి” అని, పెద్దాయనను కారు దాకా దిగబెట్టడానికి వెళ్లిపోయాడు.

“మరి జెండాలు?” అంది ఆవిడ, నా వైపు తిరిగి.