‘కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడండి’ గారికి

ప్రభువునందు వందనాలు.

నన్ను గుర్తుపట్టే ఉంటారు. గుంటూరు నుంచి తిరుపతికి బదిలీ మీద వచ్చినవాణ్ణి. వరసగా ఐదు ఆదివారాలు ఐదు మందిరాల్లో మీరు నన్ను లేపారు. ఆ మందిరాల పేర్లు రాయను. లేపింది మీరు, మధ్యలో వాళ్ళనెందుకు అనడం.

సొంత సంఘంలో ఉన్నన్నాళ్ళూ మీ సంగతి నాకు పట్టలేదు. ప్రకటనలన్నీ చదివాక సెక్రటరీ గారు గొంతు సవరించుకుని చివర్లో మిమ్మల్ని పలికేవారు. వెనక వరసలో ఎవరో లేచేవారు. మేమంతా మెడ తిప్పి చూసి, చప్పట్లు కొట్టి, కోత పండుగ వేలంలో గుమ్మడికాయ ఎంతకు పోయిందనే చర్చలో పడిపోయేవాళ్ళం. లేచినవాడి గుండె ఎంత కొట్టుకుంటోందో మాకేం తెలుసు?

ఇక్కడికొచ్చాక తెలిసింది. మొదటి ఆదివారం కావాలనే స్తంభం వెనక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. మీరు వినపడగానే ఒక పిల్లాడు మైకు పట్టుకుని సరాసరి స్తంభం వెనక్కే పరిగెత్తుకొచ్చాడు. మైకు మీది స్పాంజి ఎప్పుడో ఊడినట్టుంది, దాని బదులు ఎర్ర రిబ్బను చుట్టారు. నోరు తెరిచానో లేదో అది కుయ్యిమంది. ముందు వరసల్లో ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. అటు ఆడవాళ్ళ వైపు మా ఆవిడ చెంగు సర్దుకుంటూ లేచింది. మావాడు కుర్చీ కిందకి దూరాడు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. చప్పట్లు. అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

“ఏ సంఘం నుంచి వచ్చారు బ్రదర్?”

“లూథరన్ అండి.”

ఈ ఒక్క మాటకి ఒక్కో మందిరంలో ఒక్కో వాతావరణం. మా గుంటూరు కథ 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన రోజుతో మొదలవుతుంది. తిరుపతి వైపు లూథరన్ల వేర్లు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్‌లో ఉన్నాయి. చిత్తూరు పక్క పనిచేసింది స్కడర్ కుటుంబం మొదలుపెట్టిన అమెరికన్ ఆర్కాట్ మిషన్, ఆ సంఘాలు 1947లో వేర్వేరు సంఘాలు కలిసి ఏర్పడిన సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసిపోయాయి. మా లూథరన్లు కలవలేదు. ఎందుకు కలవలేదని నన్ను నిలదీసినవాళ్ళు ఉన్నారండీ. నేనేదో ఆ మీటింగులో కూర్చుని చెయ్యెత్తనట్టు!

మూడో ఆదివారం ఇంకో మెట్టు ఎక్కారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు.

“బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నారు?”

“మూడు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడండి.”

“మునిగారా?”

“లేదండి, నెత్తి మీద నీళ్ళు చల్లారు.”

“అయితే తీసుకోనట్టే. వచ్చే నెల మొదటి శనివారం ఖాళీయేనా?”

నలభై నాలుగేళ్ళుగా క్రైస్తవుణ్ణని భ్రమపడుతున్నవాణ్ణి చెప్పుల స్టాండు దగ్గర నిలబెట్టి తేల్చేశారు. మా ఆవిడ ఆటోలో నవ్వు ఆపుకోలేకపోయింది. తనకీ చల్లారు మరి, ఆ సంగతి కొర్లగుంట దాకా వచ్చాక గుర్తొచ్చి నవ్వు ఆపింది.

అయినా మీరు మైకులో అడిగేవి నయం. మీ వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది. దానికి మైకు అక్కర్లేదు, గొంతు తగ్గించి అడుగుతారు. నాలుగో మందిరంలో టీ గ్లాసు చేతికిచ్చి మరీ అడిగారు.

“గుంటూరు అంటే టౌనేనా?”

“కాదండి, తెనాలి దగ్గర పల్లె.”

“ఓహో. ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?”

దిక్కు పట్టి కులం కనుక్కునే ఈ విద్య మా తాత కాలంలోనే పోయిందనుకున్నాను. “స్టేషన్ వైపండి” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. “స్టేషన్‌కి ఇటా, అటా?” అన్నాడు. టీ చల్లారిపోయింది. కొండ మీద గది కావాలన్నా ఆధార్ కార్డుతో సరిపెట్టుకుంటున్నారు. మీ దగ్గర అది చాలదు, ఊరి మ్యాపు కూడా తెచ్చుకోవాలి.

చప్పట్ల తర్వాత మీ బాధ్యత తీరిపోతుందనడం కూడా అబద్ధమే లెండి. కార్డు మీద ఫోన్ నంబరు రాయించుకుంటారు. ఐదు మందిరాలు, ఐదు వాట్సాప్ గ్రూపులు. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదటి పావురం ఎగురుతుంది. ఐదింటికి గులాబీ. రోజూ “ప్రియ సహోదరా” అని వాయిస్ మెసేజ్ పెట్టే ఒకాయన మొన్న లీలామహల్ సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర నా పక్కనే బండి ఆపాడు. వందనాలన్నాను. “అడ్రస్ కావాలా సార్?” అన్నాడు.

ఐదో ఆదివారం సంగతి అనవసరం, అదీ ఇంతే.

ఆరో ఆదివారం ఇంట్లోనే ఉండిపోదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆటో ఎక్కాం. “కొండకా సార్?” అన్నాడు డ్రైవర్. కాదు, చర్చికన్నాను. “ఏ చర్చి?” అన్నాడు. “అదే తెలీట్లేదు” అన్నాను. అద్దంలోంచి మమ్మల్ని ఒకసారి చూసి, “మా వీధి చివర ఒకటుండాది సార్, చిన్నది. పాటలు బాగా పాడతారు” అన్నాడు. నుదుటన కుంకుమ బొట్టు, అద్దానికి వెంకన్న బొమ్మ. నా బాప్తిస్మం గురించి ఏమీ అడగలేదు.

రేకుల షెడ్డు, గచ్చు మీద చాపలు. ఆ పూట కరెంటు లేదు, మైకు లేదు, కాబట్టి మీరూ లేరు. నేను గుమ్మం దగ్గరే కూర్చోబోయాను. ఒక ముసలామె తన సంచి పక్కకి లాగి, “ఇట్లా జరుగు నాయనా, ఆడ ఎండ పడ్తాది” అంది. పాట మొదలయ్యాక నా చేతిలో పుస్తకం లేదని చూసి, తన కీర్తనల పుస్తకం మా ఇద్దరి మధ్యకి జరిపింది. ఆమెకి అక్షరాలు కనపడవట, పాటలన్నీ నోటికే వచ్చు. ఊరికే నాకోసం పేజీలు తిప్పుతోంది, అదీ తప్పు పేజీలు. పేరు అడగలేదు. ఊరు అడగలేదు. వెళ్ళేటప్పుడు, “వచ్చే వారం పిల్లోడికి కొంచెం ముందు తినిపించుకోండి, అయ్యగారు లేటు చేస్తాడు” అని మాత్రం చెప్పింది.

ఆ వారం నుంచి అక్కడికే పోతున్నాం. గుంటూరు నుంచి సభ్యత్వ బదిలీ పత్రం తెప్పించాను. మావాడు సండే స్కూల్లో చేరాడు. ప్రకటనలయ్యాక అయ్యగారు ఆశీర్వాదం చెప్పేసి పంపేవారు, మీ ఊసే ఉండేది కాదు. మీరు లేని చోటు దొరికిందని నేను నిజంగానే సంబరపడ్డాను.

నిన్న ఆదివారం ఎవరో దాత కొత్త మైకు సెట్టు ఇచ్చారు. అయ్యగారు రెండుసార్లు హలో హలో అని చూసుకుని, గొంతు సవరించుకుని, మిమ్మల్ని పలికారు.

గుమ్మం దగ్గర ఒక కుర్రాడు లేచాడు, నల్ల బ్యాగు, చేతిలో ఫోను. అందరితో పాటు నేనూ మెడ తిప్పి చూశాను. చప్పట్లు కొట్టాను. ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే పక్కనే కనిపించాడు.

“ఏ ఊరు బాబూ మీది?” అన్నాను.

ఇట్లు,
స్టేషన్ వైపు ఇంటివాడు