కునుక్కో ముహూర్తం

మా మనవడు ముహూర్తానికి పుట్టాడు. వియ్యపురాలు సిద్ధాంతిగారి చేత రాయించుకొచ్చిన చీటీలో ఉదయం 9 గంటల 42 నిమిషాలని ఉంది. డాక్టరమ్మ గోడ గడియారం చూసుకుని మరీ కోసింది. ఇందులో వింతేం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7, మన ఆంధ్రలో 42.4 సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద 21.5. అన్నీ సిద్ధాంతుల చలవే అనను గానీ, వాళ్ల వాటా వాళ్లకుంది. సరే, ముహూర్తానికి పుట్టినవాడు ముహూర్తం లేకుండా నిద్రపోతే వంశానికి అప్రతిష్ఠ కదా. అందుకని మా అల్లుడు ఫోన్లో ఒక యాప్ వేసుకొచ్చాడు.

దానికి పిల్లాడి పుట్టినరోజు చెబితే చాలు. ఇన్ని వారాలవాడు ఎంతసేపు మెలకువగా ఉండాలో, ఎన్నింటికి కునుకు తీయాలో, ఎన్ని నిమిషాలకు లేవాలో, రాత్రి ఎప్పుడు పడుకోవాలో అన్నీ చెప్పేస్తుంది. తిథీ నక్షత్రం అక్కర్లేదు. మెలకువగా ఉండే కాసేపటిని విండో అంటారట. మొదటిరోజు అల్లుడు "అత్తయ్యా, విండో క్లోజ్ అయిపోతోంది!" అని కంగారుపడితే నేను పరిగెత్తి పడగ్గది కిటికీ రెక్కకి చీపురు అడ్డం పెట్టొచ్చాను. ఆ విండో దాటితే వర్జ్యం. వర్జ్యంలో పడుకోబెడితే పిల్లాడు ఓవర్ టైర్డ్. ముందే పడుకోబెడితే అండర్ టైర్డ్. మా కాలంలో రెంటికీ కలిపి పేచీ అనేవాళ్లం, చంకనేసుకుని వీధిలోకి తీసుకెళ్లి కాకిని చూపించేవాళ్లం.

నేనేమీ సైన్సుకి వ్యతిరేకిని కాను. ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏం చెప్పిందో చూశాను. 4 నుంచి 11 నెలల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర. అంటే నాలుగు గంటల వెసులుబాటు ఉంది. అమెరికాలో నిద్ర వైద్యుల అకాడమీవారు 2016లో నాలుగు నెలల లోపు పిల్లలకు అసలు అంకే ఇవ్వలేదు, ఒక్కో పిల్లాడు ఒక్కో రకం అని వదిలేశారు. అంతంత చదువుకున్నవాళ్లు గడియారం జోలికే పోని చోట ఈ యాప్ మాత్రం మా పద్దెనిమిది వారాల బుడ్డోడికి మొదటి కునుకు 9 గంటల 10 నిమిషాలకని తేల్చేసింది. 9.09 కాదు, 9.11 కాదు.

ఆ మొదటి కునుకు కథ చెప్పాలి.

రోహిణి కార్తె, తెనాలి ఎండ. 8.55 నుంచి ఇంట్లో కర్ఫ్యూ. కాలింగ్ బెల్ స్విచ్ తీసేశారు. కర్టెన్లు దించారు. అల్లుడు ఫోన్లో వాన చప్పుడు పెట్టాడు, అది వింటే పిల్లలకి కడుపులో ఉన్నట్టే ఉంటుందట. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయనకి మాత్రం వాన పడుతున్నట్టే ఉంది. "వడియాలే!" అని ఒక్క కేక వేసి మేడ మెట్లు రెండేసి ఎక్కారు. అసలే మోకాళ్ల నొప్పులు. అరగంట ముందే ఆరేసిన గుమ్మడి వడియాల చీర నాలుగు మూలలూ పట్టుకుని మూటకట్టి దిగొచ్చేసరికి అల్లుడు నోటిమీద వేలేసుకుని ఎదురొచ్చాడు. ఆయన మూట నెత్తిన పెట్టుకుని గుమ్మంలోనే బిగుసుకుపోయారు. తడి వడియాల పిండి చెవి మీదుగా కారుతోంది. తుడుచుకుంటే చప్పుడవుతుందని తుడుచుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, పొయ్యి మీద పప్పు ఉందని. రెండు విజిల్స్ అయ్యాయి, మూడోది రావాలి. కుక్కర్ బుస మొదలైంది. అల్లుడు మునివేళ్ల మీద వంటింట్లోకి పరిగెత్తాడు. స్టవ్ కట్టేస్తాడనుకున్నాను. లేదు, తువ్వాలు తెచ్చి విజిల్ మీద కప్పాడు. ఇంజినీరు! నేనే వెళ్లి కట్టేశాను. ఈలోగా వీధిలో "తోటకూరా, గోంగూరా" అని ఆకుకూరలామె, ఆమె వెనకే మున్సిపాలిటీ చెత్తబండి మైకు. మేం నలుగురం ఊపిరి బిగబట్టి ఉయ్యాల చుట్టూ నిలబడ్డాం. బుడ్డోడు తాతని చూశాడు. తాత నెత్తిమీద మూటని చూశాడు. బోసినోరు తెరిచి కిలకిలా నవ్వాడు.

ఫోన్ అడిగింది, బేబీ పడుకున్నాడా అని. అల్లుడు తలదించుకుని 'లేదు' నొక్కాడు. డబ్బు కడితే నిద్ర నిపుణురాలు మాట్లాడుతుందని అది ఓదార్చింది.

రాత్రి నిద్రకి యాప్ పెట్టిన ముహూర్తం 7.15. అప్పటికి మా ఊళ్లో గోడ మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతుంటుంది. సాయంత్రం ఏడుకల్లా చల్లబడి, వీధిలో పిట్ట మనిషి లేని ఊరేదో చూసి రాసుంటారు ఆ పట్టిక. రేపు హైదరాబాదు వెళ్లాక అల్లుడు ఆఫీసు నుంచి ఇల్లు చేరేది ఎనిమిదిన్నరకి. అంటే ఈ లెక్కన తండ్రీ కొడుకులు ఆదివారం ఆదివారం కలుసుకుంటారు.

ఇంతకీ ఆ యాప్‌లో ఏమేం రాస్తారో తెలుసా? ఏ పక్క పాలు ఎన్ని నిమిషాలు తాగాడు, డైపర్ ఎన్నిసార్లు మార్చారు, ఎన్ని నిమిషాలు నిద్రపోయాడు. వరసగా గళ్లు. మా అమ్మాయి ఎంతసేపు నిద్రపోయిందో రాయడానికి ఒక్క గడి లేదు. వెతికాను. అంతా వెతికాను. కడుపు కోయించుకున్న పిల్ల రాత్రి ఒంటిగంటకి, రెండూ ఇరవైకి, నాలుగింటికి లేస్తోంది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ "బాబు రాత్రిళ్లు పడుకుంటున్నాడా?" అనే అడుగుతారు. నువ్వు పడుకుంటున్నావా అమ్మా అన్న మనిషిని ఇంతవరకు చూళ్లేదు. అల్లుడు పొద్దున్నే మీటింగ్ అని పక్కగదిలో పడుకుంటాడు, లేవగానే యాప్ తెరిచి "రాత్రి మూడు వేకింగ్సేనా, ఫర్వాలేదే" అంటాడు. ఎవరికి ఫర్వాలేదు బాబూ? ఎవరికి?

అసలు ఈ నిద్ర శిక్షణ పిల్లాడి కోసం కాదు. ప్రసూతి సెలవు 26 వారాలు, 1961 చట్టానికి 2017లో చేసిన సవరణ పుణ్యమా అని. అందులో ఆరు వారాలు బెడ్ రెస్ట్ కింద కాన్పుకి ముందే కరిగిపోయాయి. ఇంకో రెండు వారాల్లో మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. అందుకని పద్దెనిమిది వారాల పసిగుడ్డు ఆఫీసు టైమింగ్స్‌కి నిద్రపోవడం నేర్చుకోవాలి! యాభై మందీ ఆపైన పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది ఉండాలని చట్టం అంటోంది. మా అమ్మాయి ఆఫీసులో ఆ గది ఉంది. తాళం వేసి ఉంది. లోపల పాత ప్రింటర్లున్నాయి. ఇక తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజుల సెలవు, ప్రైవేటైతే కంపెనీ దయ. మావాడికి అయిదు రోజులు దయచేశారు. అందులో రెండు రోజులు యాప్‌ల రివ్యూలు చదివాడు.

మొన్న ఆదివారం వెనక ఫంక్షన్ హాల్లో పెళ్లి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదికి మైకులు ఆపాలి, ఇళ్ల మధ్య రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. పదిన్నరకి మా వంటింట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే నడుస్తున్నాయి. 7.15 ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది, ఎనిమిదిన్నర విండో కూడా. ఆ డీజే మోతలో, తాత భుజం మీద, ఎవరూ జోకొట్టకుండానే బుడ్డోడు పడుకున్నాడు. హాల్లో చూస్తే మా అమ్మాయి గోడకి ఆనుకుని, ఒళ్లో సగం తిన్న పెరుగన్నం కంచంతో, చెయ్యి కూడా కడుక్కోకుండా నిద్రపోతోంది. సోఫా మీద అల్లుడి ఫోన్ టింగుమంది. బాబుకి పాలిచ్చే టైమట, లేపాలట.

కంచం మెల్లగా తీసి చెయ్యి తుడిచాను. ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో మోచేతి లోతున దూర్చి మూత పెట్టాను. రాత్రి పదకొండింటికి అల్లుడు ఇల్లంతా గాలించాడు, "అత్తయ్యా, నా ఫోన్ చూశారా?" అంటూ.

బియ్యం నేను పొద్దున గానీ కొలవను.