సవరణ: నాన్నగారి సంస్మరణలో రెండు విషయాలు

నాన్నగారి గురించి నిన్న పెట్టిన సంస్మరణలో ‘యవ్వనం నుంచీ శ్రీవారి సేవకుడు’ అని ఉంది. దాన్ని సరిచేస్తున్నాను. తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి సేవ అనే స్వచ్ఛంద సేవా కార్యక్రమాన్ని ప్రారంభించింది 2000లో. నాన్నగారు ఆ సేవకుల కండువా వేసుకున్నది ఆ తర్వాతే. అంతకు ముందు ఆయన చేసినదంతా సొంతంగా చేసినదే. వేసవిలో అలిపిరి మెట్ల దారి మొదట్లో నడక భక్తులకు మజ్జిగ పోసేవారు. దారి తప్పిన పిల్లలను పెద్దవాళ్ల దగ్గరికి చేర్చేవారు. ఏ పేరూ లేని ఆ సేవ మరుగున పడకూడదని నా తపన. పైగా ఆ మజ్జిగ తెల్లవారుజామునే లేచి చిలికింది మా అమ్మ. ఆమె పేరు చెప్పకుండా నాన్నగారు ఎవరి మెప్పునూ స్వీకరించలేదు. సంస్మరణలోనూ ఆమె ఉండాలి.

రెండోది చిన్నదే. ‘తిరుపతి జిల్లా చంద్రగిరిలో జన్మించారు’ అన్న వాక్యం ఇప్పటి లెక్క. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆయన పుట్టినప్పుడు చంద్రగిరి చిత్తూరు జిల్లాలోనే ఉండేది, చివరి దాకా ఆయన తనను చిత్తూరు జిల్లావాడిననే చెప్పుకున్నారు. అందుకే ‘చిత్తూరు జిల్లా చంద్రగిరి’ అని మార్చాను. పెద్దకర్మ ఆహ్వానం అచ్చు వేయిస్తున్న మా బాబాయిగారు కూడా ఈ మార్చిన వాక్యమే వాడాలని మనవి.